చెరకు సీమలో వాసన లేని గ్యాస్

చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో పెరిగినవాళ్లు సీజన్ ఎప్పుడు మొదలైందో క్యాలెండర్ చూసి తెలుసుకోనక్కర్లేదు. గాలే చెబుతుంది. పిప్పి కాలిన పొగ, ఉడుకుతున్న రసం, పుల్లగా తియ్యగా ముక్కుకు తగిలే మొలాసిస్. గాలి వాటం మారితే మురుగు కాలువ వైపు నుంచి కుళ్లిన గుడ్డు కంపు. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీరా నీళ్లు బోధన్ పొలాలకు పారాక, 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి తాళం వేసేదాకా ఆ వాసనలతోనే అక్కడ తరాలు గడిచాయి. ఇప్పుడు ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో మిగిలిన చెరకు చాలావరకు కామారెడ్డి వైపు, నిజాంసాగర్, సదాశివనగర్ మండలాల్లోని ప్రైవేటు మిల్లులకు పోతోంది.

ఈ వాసనల్లో ఏదీ మీథేన్‌ది కాదు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఇన్ని వాసనల మధ్య, అంటుకుంటే పేలేది మాత్రం ముక్కుకు దొరకదు. "గ్యాస్ ఉంటే తెలియదా, కంపు కొట్టదా?" అన్న ధీమాతోనే మనుషులు సెప్టిక్ ట్యాంకుల్లోకి, గోబర్ గ్యాస్ గుంతల్లోకి, మిల్లుల మురుగు తొట్లలోకి దిగుతున్నారు.

గాలి చొరబడని చోట ఆకు, అలము, పేడ, మలం, చెరకు మడ్డి ఏది కుళ్లినా అక్కడి సూక్ష్మజీవులు చివరికి మిగిల్చేది ముఖ్యంగా రెండు వాయువుల్ని: మీథేన్, కార్బన్ డయాక్సైడ్. 1776లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా మాజోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కదిపి, పైకి లేచిన బుడగల్ని సీసాల్లో పట్టాడు. అది మండే వాయువని తేల్చాడు. ఎండాకాలంలో బోధన్ బెల్లాల్ చెరువు బురదలో కర్ర గుచ్చినా లేచేవి అలాంటి బుడగలే. నీళ్లు నిలిచిన వరి మడి, గేదె కడుపు కూడా మీథేన్ పుట్టిళ్లే. ఆరుబయట పుట్టినది గాలిలో కలిసిపోతుంది, దగ్గరున్న మనిషికి దానితో ముప్పు లేదు. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువగా అది భూమిని వేడెక్కిస్తుంది, కానీ ఆ కథ వేరు. ఇక్కడి కథ మూతలు, గోడలు, పైకప్పులు ఉన్నచోట నడుస్తుంది.

గాలిలో మీథేన్ 5 శాతం కన్నా తక్కువ ఉంటే నిప్పు తగిలినా అంటుకోదు. 15 శాతం దాటినా అంటుకోదు, మండటానికి ఆక్సిజన్ చాలదు. ఆ రెంటి మధ్య ఉంటే మాత్రం ఒక స్విచ్ వేసినప్పుడు కంటికి కనిపించనంత నిప్పురవ్వ చాలు. 10 ఘనపు మీటర్ల తొట్టిని తీసుకుంటే అందులో అర ఘనపు మీటరు మీథేన్ చేరగానే 5 శాతం అయిపోతుంది. అంత మీథేన్ పుట్టడానికి ఇంచుమించు 20 కిలోల పేడ సరిపోతుంది. రెండు గేదెలు ఒక్క రోజులో వేసే పేడ అది. 15 శాతం దాటితే ప్రమాదం తప్పిందనుకోవడం కూడా పొరపాటే. మూత తీసి గాలి ఆడనిస్తున్నకొద్దీ లోపలి వాయువు పలచబడుతూ, మళ్లీ ఆ 15కీ 5కీ మధ్య నుంచే కిందికి దిగాలి. మూత తెరిచాక బీడీ, సెల్‌ఫోన్, మోటారు స్విచ్ దూరంగా ఉంచమనేది అందుకే.

మీథేన్ గాలిలో సగానికి కాస్త ఎక్కువ బరువు ఉంటుంది కాబట్టి పైకి పోతుందని బడిలో చెబుతారు. శుద్ధమైన మీథేన్ విషయంలో అది నిజం. కానీ గుంతల్లో తయారయ్యేది బయోగ్యాస్, అంటే మీథేన్‌తో బరువైన కార్బన్ డయాక్సైడ్ కలిసిన మిశ్రమం. మీథేన్ 60 పాళ్లు, కార్బన్ డయాక్సైడ్ 40 పాళ్లు ఉంటే ఆ మిశ్రమం బరువు గాలి బరువుకు దాదాపు దగ్గరకు వస్తుంది. సగం సగం అయితే గాలి కన్నా కాస్త బరువే. అలాంటప్పుడు మూత తీసినంత మాత్రాన అది లేచిపోదు, గుంతలోనే కూర్చుంటుంది. తెల్లారి మూత తీసి మధ్యాహ్నం దిగినా లోపల అదే గ్యాస్ ఉండొచ్చు.

చక్కెర మిల్లులో ఏ తొట్టి గ్యాస్ ఆ తొట్టిదే. వంద టన్నుల చెరకు ఆడిస్తే దాదాపు 30 టన్నుల పిప్పి, నాలుగు టన్నులకు అటూ ఇటూ మొలాసిస్, మూడు నాలుగు టన్నుల ప్రెస్‌మడ్ (రసం వడకట్టగా మిగిలే మడ్డి) వస్తాయి. మొలాసిస్ ట్యాంకు అడుగున మిగిలిన మడ్డి పులిస్తే వచ్చేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్, కొంత ఆల్కహాల్ ఆవిరి. అక్కడ ఊపిరాడక చచ్చే ముప్పు ఎక్కువ. డిస్టిలరీ సంగతి వేరు. ఒక లీటరు ఆల్కహాల్ తీస్తే 10 నుంచి 15 లీటర్ల నల్లటి స్పెంట్ వాష్ మిగులుతుంది. దాన్ని గాలి తగలని ట్యాంకుల్లో కుళ్లబెడితే బోలెడంత బయోగ్యాస్ వస్తుంది. చాలా డిస్టిలరీలు దాన్నే బాయిలర్లలో మండిస్తాయి. వాన నీరు నిలిచిన ప్రెస్‌మడ్ గుట్ట అడుగున, మురుగు శుద్ధి తొట్ల బురదలో పుట్టేదీ ఇదే. "ఏ ట్యాంకులో ఏం గ్యాస్?" అన్న ప్రశ్నకు మిల్లు మొత్తానికీ ఒకే జవాబు చెప్పే సూపర్‌వైజర్ ఉంటే ఆయన మాట నమ్మకపోవడమే మంచిది.

మీథేన్ పక్కనే నిలబడే అసలు హంతకి హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు కంపు దానిదే. చక్కెర తెల్లగా రావడానికి చాలా మిల్లుల్లో గంధకం కాల్చిన పొగను చెరకు రసంలోకి పంపుతారు. డిస్టిలరీలో సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడకమూ ఉంది. ఆ గంధకమంతా మురుగులోకి చేరి, గాలిలేని చోట హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. అందుకే డిస్టిలరీ బయోగ్యాస్‌లో అది 2 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. 2 శాతం అంటే పది లక్షల పాళ్లలో 20 వేల పాళ్లు. పది లక్షల్లో ఒక పాలు కన్నా తక్కువ ఉన్నా ముక్కు పసిగడుతుంది. వంద పాళ్లకు చేరాక కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. "ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు తగ్గింది" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వెంటనే బయటికి రావాలి. ఏడు వందలు, వెయ్యి పాళ్ల దగ్గర ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలబడతాడు.

ఇంత చెప్పాక తెలుగు నేల మీద జరిగిన రెండు సంఘటనలు చూడాలి. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు మండలం మొరంలో ఒక కోళ్ల హేచరీ మురుగు ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో ఒక నూనె మిల్లు ట్యాంకులో మరో ఏడుగురు. ఒకటి మురుగు, రెండోది వంటనూనె. వంటనూనె ట్యాంకులో ప్రాణం పోతుందని ఎవరు ఊహిస్తారు? ఇలాంటి చోట్ల లెక్క ఒకటి కాకుండా ఏడు కావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మొదట దిగినవాడు పడిపోతాడు. వాడికోసం తమ్ముడో, తోటి కూలీయో దిగుతాడు. అతను పడిపోతే ఇంకొకరు. మన పత్రికలు వీటిని "ప్రమాదం" అని రాసి ఊరుకుంటాయి. మొదటి మనిషి పడటాన్ని ఒకవేళ అలా అనొచ్చేమో. రెండోవాడు, మూడోవాడు పోవడం మాత్రం తాడు, బెల్టు, బ్లోయర్, మీటర్ లేకపోవడం వల్లే.

తెలంగాణ పల్లెల్లో పాత బాయిలో మోటారు బాగుచేయడానికి దిగేముందు దీపం దించి చూసే అలవాటు ఉంది. దీపం ఆరితే దిగరు. కార్బన్ డయాక్సైడ్ నిండిన బాయికి ఈ పరీక్ష కొంతవరకు పనికొస్తుంది. సెప్టిక్ ట్యాంకు దగ్గర, గోబర్ గ్యాస్ గుంత దగ్గర అదే దీపం అగ్గిపుల్ల అవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం పడిపోతాడు. ఒకచోట ప్రాణం కాపాడిన అలవాటును మరోచోటికి మోసుకుపోవడం కన్నా ప్రమాదం లేదు.

గని కార్మికులకు దీపంతో ఇంకాస్త తెలివైన సంబంధం ఉండేది. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని ఇనుప తీగ జల్లెడ చుట్టిన దీపం తయారుచేశాడు. లోపలి మంట వేడిని జల్లెడ పీల్చేసుకుంటుంది కాబట్టి బయటి గ్యాస్ అంటుకోదు. మీథేన్ ఉంటే మంట మీద లేత నీలం టోపీ లాంటిది లేస్తుంది, దాని ఎత్తును బట్టి గ్యాస్ ఎంతుందో చెప్పేవారు. సింగరేణి గనుల్లోనూ ఓవర్‌మెన్, సర్దార్ల చేతిలో ఆ దీపం వంశానిదే ఉండేది. బొగ్గు గనుల్లో మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు ఆపి మనుషుల్ని వెనక్కి రప్పించాలని మన దేశ నిబంధన. అంటుకునే 5 శాతానికి ఇంత ముందుగా గీత గీయడం వెనక ఎన్నో పేలుళ్ల అనుభవం ఉంది. బ్రిటన్ గనుల్లో కార్బన్ మోనాక్సైడ్ కనిపెట్టడానికి పంజరంలో తీసుకెళ్లిన క్యానరీ పిట్టలకు 1986లో గానీ విశ్రాంతి దొరకలేదు.

వాటి స్థానంలో వచ్చింది అరచేతిలో ఇమిడే నాలుగు గ్యాసుల మీటర్. ఆక్సిజన్, మండే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ నాలుగింటినీ ఒకేసారి చూపిస్తుంది. మంచి సెల్‌ఫోన్ ఖరీదు. దీన్ని చదవడంలో చిన్న మెలిక ఉంది. మండే వాయువు గడిలో 10 అని కనిపిస్తే గాలిలో 10 శాతం మీథేన్ ఉందని కాదు. అంటుకునే కనీస స్థాయి 5 శాతాన్ని వందగా లెక్కగడతారు. 10 అంటే అందులో పదో వంతు, అసలు మీథేన్ అర శాతం. సాధారణంగా అక్కడే మీటర్ అరుస్తుంది. ఆక్సిజన్ మామూలు గాలిలో 20.9 శాతం. 19.5కి పడిపోతే అరుస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు పది లక్షల్లో 10 పాళ్ల దగ్గర మోగేలా పెడతారు.

చదివేటప్పుడు ముందు ఆక్సిజన్ చూడాలి, ఆ తర్వాత మండే వాయువు, చివర విషవాయువులు. ఈ వరసకు కారణం మీటర్ లోపలే ఉంది. ఎక్కువ మీటర్లలో మండే గ్యాస్‌ను గుర్తించే సెన్సర్ ఆ గ్యాస్‌ను ఒక చిన్న పూస మీద కాల్చి, పుట్టిన వేడిని కొలుస్తుంది. కాలడానికి ఆక్సిజన్ కావాలి. నిండా గ్యాస్ ఉండి ఆక్సిజన్ లేని గుంతలోకి దించితే అది తక్కువ చూపించొచ్చు, సున్నా కూడా చూపించొచ్చు. ఆక్సిజన్ గడి చూడకుండా ఆ సున్నాను నమ్మి దిగినవాడు మోసపోతాడు. సిలికాన్ ఆవిర్లు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ పూసను పాడుచేస్తాయి. అందుకే తెలిసిన మోతాదు గ్యాస్‌ను పట్టి మీటర్ స్పందిస్తోందో లేదో పనికి ముందు చూసుకోవాలి. డిస్టిలరీల్లో, పెద్ద బయోగ్యాస్ ప్లాంట్లలో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు కూడా పెడతారు. వాటికి ఆక్సిజన్‌తో పనిలేదు. ఇక మీటర్‌ను గుంత నోటి దగ్గర పట్టుకుని ఊరుకోవడం మన దగ్గర తరచూ జరిగే తంతు. పైన ఒకలా, నడుమ ఒకలా, అడుగున మరోలా ఉండే గాలిని కొలవాలంటే గొట్టం కట్టి మూడు చోట్లా పీల్చి చూడాలి. బురదను కదిపాక మళ్లీ చూడాలి, బురదలో చిక్కుకున్న గ్యాస్ అప్పుడే బయటికొస్తుంది.

ఇవేవీ కొత్త నియమాలు కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్‌ను ట్యాంకులో, గుంతలో దిగే పని గురించే రాశారు. లోపల ప్రమాదకర వాయువు లేదని అర్హుడైన వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలని అందులో ఉండేది. లేదంటే దిగేవాడు తగిన శ్వాస పరికరం పెట్టుకుని, బెల్టుకు తాడు కట్టుకుని, ఆ తాడు రెండో కొన బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలని చెప్పింది. లోపలికి తీసుకెళ్లే కరెంటు దీపం 24 వోల్టులు దాటకూడదని మరో నిబంధన ఉండేది. చెరకు మిల్లుల్లో పనికి వచ్చే కాంట్రాక్టు కూలీల్లో ఎంతమంది చేతికి ఆ రాతపూర్వక పర్మిట్ ఎప్పుడైనా చూపించారో అడిగి చూడొచ్చు.

పట్టణంలో సమస్య ఇంకో రూపంలో ఉంది. 2011 జనగణన నాటికే నిజామాబాద్ జనాభా 3 లక్షలు దాటింది. అంత ఊళ్లో ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు. సెప్టిక్ బండి గొట్టం వేసి లాగితే పని అయిపోవాలి. అడుగున గట్టిపడ్డ మడ్డి రాలేదనో, ఇరుకు సందులోకి బండి రాలేదనో మనిషిని దించుతారు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం రక్షణ లేకుండా అలా దించడాన్ని నేరం చేసింది. ఈ చట్టం వెనక పెద్ద పోరాటం సఫాయి కర్మచారి ఆందోళన్‌ది. దాని సారథి, 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబం బిడ్డ. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. హైదరాబాద్ జలమండలి 2017లో సన్న గల్లీల్లోకి కూడా పోగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాల్ని దించింది. మనిషి దిగకుండా మోరీ తీయొచ్చని ఆ బండ్లు చూపించాయి. ట్యాంకు ఖాళీ చేయించాలంటే 14420కి ఫోన్ చేయొచ్చు.

నిజామాబాద్ చెత్త చేరే నాగారం డంపింగ్ యార్డు లాంటి గుట్టల్లోనూ ఇదే వాయువు పుడుతుంది. తడి చెత్త కింద పడి, దాని మీద ఇంకో పొర, ఇంకో పొర. అడుగున గాలి ఆడక మీథేన్ తయారవుతుంది. ఏ చోట నిప్పు పడ్డా రోజుల తరబడి పొగ ఆరకపోవడానికి అదో కారణం. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో గుట్టను కప్పేసి, అందులోకి బోర్లు దించి, గ్యాస్‌ను లాగి వాహనాల ఇంధనంగా మారుస్తున్నారు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఇంకా ముందే ఆపారు. రోజుకు 10 టన్నుల చెత్త గుట్ట దాకా పోకుండానే ట్యాంకులోకి వెళ్తుంది, 500 యూనిట్ల కరెంటు వస్తుంది. ఆ ప్లాంటు పరిజ్ఞానం హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఐఐసీటీది.

చెరకు సీమకు ఈ చివరి సంగతి బాగా దగ్గరిది. 2018లో కేంద్రం మొదలుపెట్టిన సతత్ పథకం కింద ప్రెస్‌మడ్ నుంచి, స్పెంట్ వాష్ నుంచి బయోగ్యాస్ తీసి, శుద్ధిచేసి, సీఎన్జీ లాగా అమ్మొచ్చు. అందులో 90 శాతం పైగా మీథేన్ ఉండాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒకప్పుడు పొలం గట్టున పోసిన మడ్డికి ఇప్పుడు ధర ఉంది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని తిరిగి తెరిచే దారులు చూడటానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. రేపు ఎక్కడ కొత్త మిల్లు వచ్చినా ఇలాంటి గ్యాస్ యూనిట్ లేకుండా లెక్క కుదరదు. శుద్ధయిన గ్యాస్‌తో ప్రమాదం రూపు మారుతుంది. విషం పోతుంది, దాంతో పాటు హెచ్చరించే కంపూ పోతుంది. మిగిలేది దాదాపు 250 బార్ల ఒత్తిడిలో సిలిండర్లో నిండిన వాసన లేని మంట. అందుకే ఊళ్లో ఇళ్లకు, బంకులకు పంపే గ్యాస్‌లో కావాలని కంపు కలుపుతారు. దూర ప్రాంతాలకు వెళ్లే పెద్ద పైపులైన్లలో మామూలుగా అది ఉండదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో తాటిపాక నుంచి వెళ్లే సహజవాయువు పైపు పగిలి, ఊరి మీద పరుచుకున్న గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. నీరు, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాస్ వెళ్లి వెళ్లి ఆ పైపును లోపలి నుంచి తినేసింది. బయోగ్యాస్‌ను శుద్ధిచేయకుండా పైపుల్లో పంపితే జరిగేదీ అదే తుప్పు.

ఎల్పీజీకి అలవాటుపడ్డ ఇళ్లవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. సిలిండర్ గ్యాస్ బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. పైపు గ్యాస్, సీఎన్జీ తేలిక, కప్పు కింద చేరుతుంది. మొదటిదానికి అలారం నేలకు దగ్గర, రెండోదానికి కప్పుకు దగ్గర పెట్టాలి. గోబర్ గ్యాస్ స్టవ్ ఉన్న ఇంట్లో గ్యాస్ లీకైతే పై కిటికీ, కింది తలుపు రెండూ తెరిచి, లైటు స్విచ్ జోలికి పోకుండా బయటికొచ్చి, బయటి నుంచే వాల్వ్ కట్టేయాలి.

గుంతలో మనిషి పడిపోయినప్పుడు పైనున్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. అతను బెల్టు కట్టుకుని దిగి ఉంటే తాడు లాగడం. లేకపోతే దూరం నుంచి బ్లోయర్ గొట్టం దించి మామూలు గాలి పంపాలి. ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి లోపలికి వదలకూడదు, ఆ గాలిలో చిన్న రవ్వ కూడా పెద్ద మంట అవుతుంది. ముక్కుకు కట్టుకున్న తడిబట్ట, మందుల షాపు మాస్కు ఏ గ్యాస్‌నీ ఆపవు. వడపోత మాస్కు కూడా ఆక్సిజన్ లేని చోట పనికిరాదు. కావాల్సింది వీపు మీద గాలి సిలిండర్. అది ఉండేది అగ్నిమాపక శాఖ దగ్గర, నంబర్ 101. ఆ వెంటనే 108.